గూగుల్ బిజినెస్ ప్రొఫైల్: రివ్యూ కింద జవాబు రాసే ఆ చోటు కోసమైనా వాడాలి

చిన్న షాపు నడిపేవాళ్ళకి ఆన్‌లైన్‌లో ఒక్కదాన్నే పట్టించుకునే తీరిక ఉంటే, ఆ తీరిక గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కి ఇవ్వమంటాను. గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్స్‌లో మన షాపు ఫోన్ నంబరు, సమయాలు, రివ్యూలు చూపించే పేజీ అది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ ఆ తర్వాతే. మాది ఫ్యాన్లు, వాషింగ్ మెషీన్లు బాగుచేసే షాపు. రిపేరు పని అన్నయ్యది. కౌంటరు, ఫోన్లు, లెక్కలు, ఆన్‌లైన్ వ్యవహారం అంతా నాది. మెషీన్ ఆగిపోయిన మనిషి రీల్స్ చూస్తూ కూర్చోడు. ఫోన్ తీసి రిపేరు షాపు కోసం వెతుకుతాడు, మ్యాప్‌లో కనబడ్డ వాటిలో రెండు మూడింటి రివ్యూలు చదువుతాడు, ఒకరికి ఫోన్ చేస్తాడు. ఆ కాసేపట్లో మన గురించి అతనికి తెలిసేదంతా ఈ ప్రొఫైల్‌లో ఉన్నదే.

2014లో గూగుల్ మై బిజినెస్ అనే పేరుతో మొదలైన సర్వీసు ఇది. 2021 చివర్లో ఇప్పటి పేరు పెట్టారు, ఆ మరుసటి ఏడాది విడిగా ఉన్న యాప్‌ని తీసేశారు. అందుకని పాత వీడియోల్లో చూపించే యాప్ కోసం వెతికి టైమ్ పాడుచేసుకోకండి. ప్రొఫైల్ పెట్టిన గూగుల్ అకౌంట్‌తోనే లాగిన్ అయి సెర్చ్‌లో షాపు పేరు కొడితే మార్చాల్సినవన్నీ అక్కడే వస్తాయి. మ్యాప్స్ యాప్‌లోంచీ చేసుకోవచ్చు. సర్వీసు ఉచితం. షాపు నిజంగా ఉందని, అది మీదేనని నిరూపించుకోవడం ఒక్కటే మొదట్లో కాస్త ఓపిక పట్టాల్సిన పని. వీడియో తీయమని అడిగితే మధ్యలో ఆపకుండా ఒకే షాట్‌లో తీయాలి. వీధి, బోర్డు, లోపల పనిముట్లు, షట్టర్ తాళం మీ చేత్తో తీయడం, ఇలాంటివి కనబడాలి. ఇతరుల ముఖాలు, బ్యాంకు కాగితాలు అందులో పడకుండా చూసుకోండి.

ఇక అసలు విషయానికొస్తాను. రివ్యూలు.

ఓనర్‌కి రివ్యూ నచ్చకపోయినా దాన్ని తీసేసే అధికారం లేదు. బూతులు, స్పామ్, సంబంధం లేని విషయం, పోటీ షాపువాళ్ళు రాసింది, ఇలా రూల్స్‌కి విరుద్ధమైతేనే రిపోర్ట్ చేయొచ్చు. చాలామంది షాపువాళ్ళకి ఇది కోపం తెప్పిస్తుంది. నాకు మాత్రం ఈ సర్వీసులో అన్నిటికన్నా నచ్చినది ఇదే. ఓనర్ చెరిపేయగలిగితే మిగిలిన మంచి రివ్యూలను ఎవరు నమ్ముతారు? చెరిపే అధికారం ఇవ్వలేదు కానీ, కింద జవాబు రాసుకునే చోటు ఇచ్చారు. రాసినవాళ్ళకి ఆ జవాబు నోటిఫికేషన్‌గా వెళ్తుంది. తర్వాత చదివే ప్రతివాళ్ళకీ కనబడుతుంది.

ఒకసారి ఒకాయన ఒక్క స్టార్ ఇచ్చి ఇలా రాశారు: "మెషీన్ ఇచ్చి చాలా రోజులైంది. ఎప్పుడు ఫోన్ చేసినా రేపు అంటారు. అస్సలు వెళ్ళకండి." అన్నయ్యకి ఒళ్ళు మండింది. మధ్యలో మనం చేసినప్పుడు ఆయనే ఫోన్ ఎత్తలేదు, ఆ సంగతి రాయమన్నాడు. నేను అది రాయలేదు. రాసింది ఇదీ: "నమస్కారమండీ. మీ మెషీన్‌కి కావలసిన డ్రెయిన్ పంపు మా దగ్గరికి రావడం ఆలస్యమైంది. దానివల్ల మీరు మళ్ళీ మళ్ళీ ఫోన్ చేయాల్సి వచ్చింది, క్షమించండి. పంపు ఈ రోజు వచ్చింది. రేపు సాయంత్రానికి బిగించి, నీళ్ళు పోసి నడిపి చూసి మేమే మీకు ఫోన్ చేస్తాం."

ఆ జవాబులో బిల్లు నంబరు లేదు, ఆయన ఫోన్ నంబరు లేదు. అందరూ చదివే చోట కస్టమర్ వివరాలు పెట్టకూడదు. తప్పెవరిదన్న వాదన కూడా లేదు. ఆలస్యం ఎందుకైంది, ఇప్పుడు పని ఎంతవరకు వచ్చింది, ఎప్పటికి పూర్తవుతుంది, అంతే. ఆయన స్టార్లు మార్చలేదు, మార్చమని మేమూ అడగలేదు. కొన్నాళ్ళకి ఒకావిడ మెషీన్ తెచ్చి, "పార్ట్ లేటయితే మీరే ఫోన్ చేసి చెప్తారటగా, రివ్యూ కింద చదివాను" అన్నారు. జవాబు రాసేది కోప్పడ్డ ఒక్క మనిషి కోసమే కాదు, రేపు వచ్చే కస్టమర్ కోసం కూడా అని నేను గట్టిగా నమ్ముతాను.

మంచి రివ్యూలకీ జవాబివ్వండి. అందరికీ ఒకే "థాంక్యూ" అతికించేకన్నా, చేసిన పనిని గుర్తుచేస్తూ ఒక్క వాక్యం రాస్తే చాలు. రివ్యూ రాయమని అడగడంలో తప్పు లేదు. ప్రొఫైల్‌లో దానికోసం లింకు, క్యూఆర్ కోడ్ దొరుకుతాయి. కోడ్‌ని ప్రింట్ తీసి కౌంటర్ మీద పెట్టాం. కానీ రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామనడం, సంతోషంగా ఉన్నవాళ్ళనే ఏరి అడగడం రెండూ గూగుల్ నిబంధనలకు విరుద్ధం. నిబంధన సంగతి అటుంచినా అది కస్టమర్లను మోసం చేయడమే. డబ్బులు తీసుకుని ఫైవ్ స్టార్లు పెట్టిస్తామని ఫోన్లు చేసేవాళ్ళ జోలికి అసలు పోవద్దు.

టైమింగ్స్ విషయం కూడా చెప్పాలి. సెలవు రోజులకి ప్రత్యేక సమయాలు పెట్టుకునే వీలుంది, దాన్ని తప్పక వాడండి. తెరిచి ఉందని చూసి, మెషీన్ బండిలో వేసుకుని వచ్చిన మనిషికి మూసిన షట్టర్ కనబడితే ఆ కోపం నేరుగా రివ్యూలోకే వెళ్తుంది. బయటివాళ్ళెవరైనా మీ ప్రొఫైల్‌కి మార్పులు సూచించొచ్చు కాబట్టి ఫోన్ నంబరు, సమయాలు సరిగ్గా ఉన్నాయో లేదో అప్పుడప్పుడూ చూస్తుండాలి. ఏ మాటలు వెతికి మన దగ్గరికి వచ్చారు, ఎంతమంది కాల్ నొక్కారు, ఎంతమంది దారి అడిగారు అనే లెక్కలు ప్రొఫైల్‌లోనే పెర్ఫార్మెన్స్ అనే చోట ఉంటాయి. కాల్ నొక్కినవాళ్ళంతా కస్టమర్లు అయిపోరు, కాబట్టి ఆ అంకెలు చూసి పొంగిపోనక్కర్లేదు. వెతికిన మాటలు మాత్రం శ్రద్ధగా చదవండి, జనం ఏ పని కోసం వస్తున్నారో అర్థమవుతుంది.

ఈ ప్రొఫైల్ తీర్చని అవసరం ఒకటుంది. కస్టమర్‌తో రోజువారీ మాటలు. అందులో ఉన్న చాట్‌ని 2024లో తీసేశారు. దానికి మేం వాట్సాప్ బిజినెస్ యాప్ వాడుతున్నాం. లేబుల్స్ చాలా ఉపయోగం. "పార్ట్ రావాలి", "రెడీ", "డబ్బు రావాలి" అని చాట్‌లకి గుర్తులు పెట్టుకుంటే ఎవరికి ఫోన్ చేయాలో పొద్దున్నే తెలిసిపోతుంది. స్లాష్ కొడితే ముందే రాసిపెట్టుకున్న క్విక్ రిప్లైలు వస్తాయి. షాపు మూసిన వేళల్లో ఎవరైనా మెసేజ్ చేస్తే దానంతటదే జవాబు వెళ్ళేలా కూడా పెట్టుకోవచ్చు. రివ్యూ దాకా వెళ్ళాల్సిన కోపాలు సగం ఇక్కడే చల్లారిపోతున్నాయని నా అనుభవం. ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్ రెండూ ఉంటే మెటా బిజినెస్ సూట్‌లో రెండింటి మెసేజ్‌లు, కామెంట్లు ఒకేచోట చూసుకోవచ్చు.

ప్రొఫైల్ పనిని బయటివాళ్ళకి అప్పగించేవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోవాలి. పాస్‌వర్డ్ ఇవ్వకండి. వాళ్ళని మేనేజర్‌గా చేర్చండి. మేనేజర్ రివ్యూలకి జవాబివ్వగలరు, వివరాలు మార్చగలరు. ప్రొఫైల్‌ని తొలగించడం, మనుషుల్ని చేర్చడం, తీసేయడం మాత్రం ఓనర్ చేతిలోనే ఉంటాయి. ప్రైమరీ ఓనర్‌గా ఎప్పుడూ మీ సొంత అకౌంటే ఉండాలి. ఇప్పటికే ఎవరో పెట్టిచ్చిన ప్రొఫైల్ అయితే, అది ఎవరి మెయిల్ ఐడీ మీద ఉందో ఈ రోజే చూసుకోండి. మీ అకౌంట్‌ని ఓనర్‌గా చేర్పించుకున్నా మొదటి 7 రోజులు పూర్తి హక్కులు రావు, కాబట్టి వాళ్ళతో మాటపట్టింపు వచ్చేదాకా ఆగొద్దు.