సీజన్ టికెట్ సమీక్ష: ఆట బాగుపడింది, యాజమాన్యం తీరు బాగుపడలేదు

అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్టు సీజన్ టికెట్ కొనడమంటే, మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా సొంత మైదానంలో జరిగే 81 మ్యాచ్‌లకూ ముందుగానే డబ్బు కట్టి, ఒకే సీటును మన పేరున ఉంచుకోవడం. మా నగరపు జట్టుకు నేను చాలా ఏళ్లుగా ఈ టికెట్ తీసుకుంటున్నాను. ఈ సీజన్ ఇంకా పూర్తికాకముందే, వచ్చే ఏడాదికి కూడా టికెట్ కొనసాగించుకోమని జట్టు కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. గడువులోగా మొదటి వాయిదా కట్టకపోతే ఆ సీటు మరొకరికి ఇచ్చేస్తామని కూడా అందులో రాశారు. కట్టాలా వద్దా అని నాలాగే తర్జనభర్జన పడుతున్నవారికి పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. జట్టు పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే ఇబ్బంది ఆ ఒక్క జట్టుకే పరిమితమైనది కాదు.

స్టేడియం విషయంలో నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. సీట్లు శుభ్రంగా ఉంటాయి, మెట్ల దగ్గర నిలబడి దారి చూపే పెద్దవారు ప్రతి సీజన్‌లోనూ మమ్మల్ని గుర్తుపట్టి పలకరిస్తారు, వర్షం వచ్చి మ్యాచ్ ఆగినప్పుడు సమాచారం వెంటవెంటనే చెబుతారు. టికెట్లన్నీ ఫోన్‌లోకి మారిపోయాయి, దానికి కూడా అలవాటు పడ్డాం. అయితే ఒక్క విషయం ముందే తెలుసుకోవాలి. జట్టు వరుసగా ఓడిపోతున్నప్పుడు, మనం వెళ్లలేని మ్యాచ్ టికెట్‌ను తిరిగి అమ్ముకుందామంటే, మనం కట్టిన ధరలో సగం కూడా రాని రోజులుంటాయి. ఏడాది పొడవునా నమ్మకంగా ముందే డబ్బు కట్టినవారి కంటే, మ్యాచ్‌కు గంట ముందు కొన్నవారే తక్కువకు చూడగలుగుతున్నారు.

ఇక ఆట గురించి. ఇటీవలి కాలంలో లీగ్ చేసిన మార్పుల్లో అన్నింటికంటే మంచిది 2023లో తెచ్చిన పిచ్ గడియారం. మైదానం మూలల్లో ఉండే బేసుల మీద ఎవరూ లేనప్పుడు, బంతి వేసే పిచ్చర్ 15 సెకన్లలోపు బంతి వేయడం మొదలుపెట్టాలి. బేసుల మీద రన్నర్లు ఉన్నప్పుడు మొదట 20 సెకన్లు ఇచ్చి, 2024లో దాన్ని 18కి తగ్గించారు. పిచ్చర్ ఆలస్యం చేస్తే బ్యాటర్ ఖాతాలో ఒక బాల్ (నాలుగైతే అతను నడిచి మొదటి బేసుకు వెళ్తాడు), బ్యాటర్ ఆలస్యం చేస్తే అతని మీద ఒక స్ట్రైక్ (మూడైతే ఔట్) పడుతుంది. 2021లో తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్ సగటున 3 గంటల 10 నిమిషాలు పట్టేది, గడియారం వచ్చిన మొదటి ఏడాదే అది సుమారు 2 గంటల 40 నిమిషాలకు దిగింది. తగ్గిన ఆ అరగంటలో ఆట ఏమీ పోలేదు. పోయిందల్లా చేతి గ్లవ్‌లు విప్పి కట్టుకోవడం, పిచ్చర్ మట్టిదిబ్బ చుట్టూ తిరగడం మాత్రమే. అదే ఏడాది బేసుల కొలతను 15 అంగుళాల నుంచి 18 అంగుళాలకు పెంచి, రన్నర్‌ను బెదిరించడానికి పిచ్చర్ బేసు వైపు బంతి విసిరే అవకాశాలకు హద్దు పెట్టడంతో, పిచ్చర్ బంతి వేస్తుండగానే రన్నర్లు పరుగెత్తి దక్కించుకునే స్టోలెన్ బేసులు 2022లో 2,486 ఉండగా 2023లో 3,503కు చేరాయి. పరుగెత్తే బేస్‌బాల్ మళ్లీ కనిపించినందుకు నాలాంటి పాత అభిమానులు ఎంత సంతోషించారో మాటల్లో చెప్పలేను.

కానీ గడియారం బాగుచేయలేని లోపం ఒకటుంది, అది ఆట లోపలే ఉంది. నేను ఇప్పటికీ మ్యాచ్‌కు పెన్సిల్, స్కోర్‌కార్డు పట్టుకెళ్తాను. ఒకప్పుడు నా కార్డులోని గళ్లలో బంతి ఎవరి నుంచి ఎవరికి చేరిందో చెప్పే అంకెలు నిండుగా ఉండేవి. ఆరు, నాలుగు, మూడు అని రాస్తే, రెండో, మూడో బేసుల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ అందుకుని రెండో బేస్‌మన్‌కు, అతను మొదటి బేస్‌మన్‌కు విసిరి ఒకే బంతికి ఇద్దరిని ఔట్ చేశారని చదివినవారికి తెలిసిపోతుంది. ఇప్పుడు ఆ గళ్లలో ఎక్కువ భాగం మూడు స్ట్రైకులతో ఔటయ్యే స్ట్రైకవుట్‌ను సూచించే కే (K) అక్షరాలే. 2018లో మేజర్ లీగ్ చరిత్రలో తొలిసారిగా హిట్ల (బంతిని కొట్టి క్షేమంగా బేసు చేరడం) కంటే స్ట్రైకవుట్లు ఎక్కువయ్యాయి: హిట్లు 41,018 కాగా స్ట్రైకవుట్లు 41,207. 2022లో లీగ్ బ్యాటింగ్ సగటు, అంటే బ్యాటింగ్ ప్రయత్నాల్లో హిట్ల వాటా, 0.243కు పడిపోయింది. 1968 తరువాత అంత తక్కువ సగటు ఎన్నడూ లేదు. బంతిని కంచె దాటించే హోమ్ రన్ కోసం ప్రతి బంతికీ బలంగా బ్యాటు తిప్పడం, ప్రతి బంతినీ శక్తినంతా కూడదీసుకుని వేయడం లెక్కల ప్రకారం లాభమే కావచ్చు. ఫీల్డర్లు ఏడుగురు కదలకుండా చూస్తూ నిలబడే ఆటను డబ్బు కట్టి చూసేవారికి మాత్రం అందులో లాభం లేదు.

ఆ లెక్కల చేటు అన్నింటికంటే స్పష్టంగా కనిపించేది మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్ విషయంలో. ఒకే బ్యాటర్ మూడోసారి ఎదురుపడినప్పుడు పిచ్చర్‌ను బాగా కొడతాడని గణాంకాలు చెబుతాయి, అందులో నిజముంది. అయితే ఆ సగటును తుది తీర్పుగా తీసుకుని, ఎదురుగా బ్రహ్మాండంగా బంతులు వేస్తున్న మనిషిని చూడకుండా అతన్ని తప్పించడమే ఇప్పుడు ఆనవాయితీ అయింది. 2020లో లీగ్ విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో టాంపా బే పిచ్చర్ బ్లేక్ స్నెల్ తొమ్మిదిమందిని స్ట్రైకవుట్ చేసి, రెండే హిట్లు ఇచ్చి, 73 బంతులు మాత్రమే వేసిన దశలో మైదానంలో జట్టును నడిపే మేనేజర్ కెవిన్ క్యాష్ అతన్ని బయటికి పిలిచారు. వెంటనే ప్రత్యర్థి డాడ్జర్స్ బ్యాటర్ మూకీ బెట్స్ డబుల్ (రెండో బేసు దాకా చేర్చే హిట్) కొట్టాడు, డాడ్జర్స్ 3-1తో ఆ మ్యాచ్‌నూ సిరీస్‌నూ గెలుచుకున్నారు. 2022 ఏప్రిల్‌లో డాడ్జర్స్ పిచ్చర్ క్లేటన్ కెర్షా మిన్నెసోటాలో ఏడు ఇన్నింగ్స్ పాటు ఒక్క బ్యాటర్‌ను కూడా బేస్ మీదికి రానివ్వకుండా ఆపి, 80 బంతుల దగ్గర మైదానం విడిచాడు. సీజన్ ఆరంభంలో అతని చేతిని కాపాడుకోవాలన్న కారణాన్ని నేను అర్థం చేసుకోగలను. అయినా మ్యాచ్ మొత్తంలో ఒక్కరినీ బేస్ చేరనివ్వని పర్‌ఫెక్ట్ గేమ్ చూస్తామన్న ఆశతో కూర్చున్న స్టేడియం గురించి కూడా ఎవరో ఒకరు ఆలోచించాలి కదా.

మా జట్టులోనూ ఈ వేసవిలో ఒక రాత్రి ఇదే జరిగింది. మా కుర్రవాడు ఆరో ఇన్నింగ్స్ దాకా ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు, పక్కకు జారిపోయే అతని స్లయిడర్ బంతికి ప్రత్యర్థి బ్యాటర్ల మోకాళ్లు వంగిపోతున్నాయి. ఒక ఔట్ కాగానే మేనేజర్ ఆటగాళ్లు కూర్చునే డగౌట్ మెట్లెక్కి వచ్చి బంతి కోసం చేయి చాచాడు. ఆ కుర్రవాడు వెంటనే ఇవ్వలేదు. బంతిని గ్లవ్‌లో రెండుసార్లు తిప్పి, స్కోర్‌బోర్డు కేసి ఒకసారి చూసి, అప్పుడు అతని చేతిలో పెట్టాడు. మా వరుసలో అందరూ లేచి నిలబడి అతను డగౌట్‌లోకి వెళ్లేదాకా చప్పట్లు కొట్టారు. ఆ తరువాత బదులు పిచ్చర్లు సిద్ధమయ్యే బుల్‌పెన్ నుంచి ఒకరి వెంట ఒకరు నలుగురు వచ్చారు, మ్యాచ్ చేజారింది. ఓటమి కంటే ఎక్కువగా బాధించింది వేరే ఉంది: ఆ నిర్ణయం మ్యాచ్ మొదలుకాకముందే కార్యాలయంలో జరిగిపోయిందని మర్నాడు మేనేజర్ మాటల్లోనే తెలిసింది. అలాంటప్పుడు మేము స్టేడియానికి వచ్చి చూస్తున్నది ఏమిటి?

నా అసలు అసంతృప్తి మాత్రం జట్టును నడిపే పద్ధతి మీద. జులై చివర్లో ఆటగాళ్ల మార్పిడి గడువు వచ్చేసరికి, ఏప్రిల్‌లో సీజన్ టికెట్ ప్రకటనలో ఎవరి బొమ్మ వేసి మాకు అమ్మారో ఆ ఆటగాణ్నే మరో జట్టుకు ఇచ్చేసి, బదులుగా ఎప్పుడో ఎదుగుతారని చెప్పే కుర్రవాళ్లను తెచ్చుకున్నారు. జట్టును పునర్నిర్మిస్తున్నాం, ఓపిక పట్టమని చెప్పారు. పునర్నిర్మాణం చేయడం తప్పు అని నేను అనను, ఏ జట్టుకైనా అప్పుడప్పుడు అది అవసరమే. అయితే పునర్నిర్మాణానికి ఒక ముగింపు ఉండాలి. వచ్చిన కుర్రవాళ్లు ఎదిగి, మంచి జీతం అడిగే దశకు రాగానే వాళ్లనూ అమ్మేస్తుంటే దాన్ని పునర్నిర్మాణం అనలేం.

దీనికి కారణం యజమాని స్వభావమే కాదు, లీగ్ ఆర్థిక ఏర్పాటు కూడా. ఐపీఎల్‌లో ప్రతి జట్టుకూ వేలంలో ఒకే పరిమితి ఉంటుంది. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో జీతాలకు గట్టి పై పరిమితీ లేదు, ఇంత తప్పక ఖర్చు పెట్టాలన్న కింది పరిమితీ లేదు. ఒక స్థాయి దాటితే పన్ను మాత్రం ఉంది, 2025లో ఆ స్థాయి 24.1 కోట్ల డాలర్లు. పెద్ద నగరాల జట్లు ఆ పన్ను కట్టి ముందుకు వెళ్లిపోతున్నాయి. లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ షోహెయ్ ఒహ్తానీకి పదేళ్లకు 70 కోట్ల డాలర్లు రాసిచ్చారు, అందులో 68 కోట్లు తరువాత చెల్లించే ఒప్పందం. న్యూయార్క్ మెట్స్ హువాన్ సోటోకు 15 ఏళ్లకు 76.5 కోట్లు ఇచ్చారు. చాలామంది అభిమానులు వీరి మీద కోపగించుకుంటారు కానీ, నా కోపం వీరి మీద కాదు. గెలవాలనుకుని ఖర్చు చేసే యజమాని తన అభిమానులకు ద్రోహం చేయడం లేదు. లీగ్‌లో ప్రతి జట్టూ తన స్థానిక ఆదాయంలో 48 శాతాన్ని ఉమ్మడి నిధికి ఇస్తే, దాన్ని 30 జట్లకూ సమానంగా పంచుతారు. అంటే ఓడిపోతున్న చిన్న జట్టు యజమానికి కూడా ఆదాయం తప్పక వస్తుంది. ఆ డబ్బును జట్టు మీద సరిగ్గా ఖర్చు చేయడం లేదంటూ 2018లో ఆటగాళ్ల సంఘం ఓక్లాండ్, మయామి, పిట్స్‌బర్గ్, టాంపా బే జట్ల మీద ఫిర్యాదు కూడా చేసింది.

చిన్న నగరం కాబట్టి చేతకాదన్న మాటను నేను ఒప్పుకోను. కాన్సస్ సిటీ రాయల్స్ 2023లో 106 మ్యాచ్‌లు ఓడిపోయారు. ఆ చలికాలంలో వారు తమ షార్ట్‌స్టాప్ బాబీ విట్ జూనియర్‌ను 11 ఏళ్లకు 28.87 కోట్ల డాలర్ల ఒప్పందంతో నిలుపుకున్నారు, సెత్ లూగో, మైకేల్ వాకా వంటి అనుభవజ్ఞులైన పిచ్చర్లను తెచ్చుకున్నారు, మరుసటి ఏడాదే 86 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్‌కు చేరారు. అక్కడి అభిమాని టికెట్ కొన్నప్పుడు, తన డబ్బుకు ఎదురుగా ఒక ప్రయత్నాన్ని చూశాడు. నేను అడిగేది కూడా అంతే. ట్రోఫీకి హామీ ఇవ్వమని ఎవరూ అడగడం లేదు.

ఈ ధోరణి ఎంత దూరం పోగలదో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నగరం చూపించింది. 1968 నుంచి అక్కడ ఆడి, నాలుగు వరల్డ్ సిరీస్‌లు గెలిచిన అథ్లెటిక్స్ జట్టును యజమాని జాన్ ఫిషర్ లాస్ వేగస్‌కు తరలించాలనుకున్నప్పుడు, అభిమానులు ఇంట్లో కూర్చోలేదు. 2023 జూన్ 13న జట్టును అమ్మెయ్యమని రాసిన ఆకుపచ్చ చొక్కాలు తొడుక్కుని 27,759 మంది స్టేడియానికి వచ్చారు. అభిమానులు లేరు కనుక వెళ్లిపోతున్నామన్న వాదనకు వారిచ్చిన జవాబు అది. ఆ రాత్రి జట్టు టాంపా బే మీద 2-1తో గెలిచింది కూడా. అయినా నవంబరులో మిగతా యజమానులు తరలింపును ఏకగ్రీవంగా ఆమోదించారు. 2024 సెప్టెంబరు 26న అక్కడ ఆఖరి మ్యాచ్ జరిగినప్పుడు స్టాండ్స్‌లో 46,889 మంది ఉన్నారు. ఇంతమంది ఉన్నా ఒక నగరం జట్టును కోల్పోయిందంటే, సీజన్ టికెట్ కొన్నవారి మాటకు లీగ్‌లో ఎంత విలువ ఉందో అర్థమవుతుంది. ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

టీవీ ప్రసారాల గురించి రెండు మాటలు. సీజన్ టికెట్‌తో ప్రసార సదుపాయం రాదు, దానికి విడిగా చందా కట్టాలి. చందా కట్టినా స్థానిక హక్కుల నిబంధనల వల్ల సొంత జట్టు మ్యాచే తెర మీద రాకపోవచ్చు. అయోవా రాష్ట్రంలో ఒక్క మేజర్ లీగ్ జట్టు కూడా లేకపోయినా, అక్కడివారికి చుట్టుపక్కల రాష్ట్రాల ఆరు జట్ల మీద ఏళ్ల తరబడి ఈ నిషేధం ఉండేది. మీ ప్రాంతానికి ఏది వర్తిస్తుందో చూసుకున్నాకే చందా కట్టండి.

కాబట్టి నా నిర్ణయం ఇది. స్టేడియం సేవలకు అయిదింటికి నాలుగు, మారిన నియమాలతో వేగం పుంజుకున్న ఆటకు నాలుగు, యాజమాన్యానికి ఒక్కటి ఇస్తాను. సీజన్ టికెట్‌లో అందరికంటే ఎక్కువ డబ్బు చేరేది ఆ ఒక్క మార్కు తెచ్చుకున్నవారికే కనుక, 81 మ్యాచ్‌ల టికెట్‌ను ఈసారి కొనసాగించడం లేదు. చిన్నపిల్లలున్నవారు, ఆటను కొత్తగా నేర్చుకుంటున్నవారు విడి మ్యాచ్‌లకు నిశ్చింతగా వెళ్లవచ్చు, ఇప్పుడు మ్యాచ్ పిల్లలు నిద్రపోయే వేళకు ముగుస్తుంది. ఎండ పడని మూడో బేస్ వైపు సీట్లు తీసుకోండి. పూర్తి సీజన్‌కు డబ్బు కట్టదలచినవారు మాత్రం జనవరి దాకా ఆగి, జట్టు ఎవరిని నిలుపుకుంది, ఎవరిని వదులుకుంది అన్నది చూసి కట్టండి. మా షార్ట్‌స్టాప్‌కు, ఆ రాత్రి బంతి ఇవ్వడానికి తటపటాయించిన కుర్రవాడికి ఈ చలికాలంలో దీర్ఘకాల ఒప్పందాలు రాసిస్తే, నా సీటు అప్పటికి మరొకరికి వెళ్లిపోయి ఉన్నా సరే, ఖాళీగా ఉన్న ఏ వరుసలోనైనా పూర్తి ధర కట్టి కూర్చుంటాను.