ఇంటి ముందు లాంటానా నాటొచ్చా? ఏ రకం మేలు?

అలిపిరి, కపిలతీర్థం, చంద్రగిరి దిక్కున ఇళ్లు కట్టుకున్నవాళ్లు తరచూ అడుగుతున్నారు: నర్సరీలో అమ్మే లాంటానా, కొండకింద పొదలుగా అల్లుకున్న లాంటానా ఒకటేనా?

చాలావరకు ఒకటే. అమెరికా ఉష్ణప్రాంతాల నుంచి తోటల కోసం తెచ్చిన మొక్కే అడవికెక్కింది. పువ్వు రంగుతో తేడా పట్టలేం. పసుపుగా విచ్చి ఎరుపుకో గులాబీకో తిరగడం రెండిటికీ ఉంది. నలుపలకల కొమ్మ, ఎదురెదురుగా గరుకు ఆకులు, నలిపితే ఘాటు వాసన కూడా అంతే. అడవిదానికి వంకీ ముళ్లు ఎక్కువ. అలాగని ముల్లు లేని మొక్కను నమ్మకండి.

తేల్చేది కాయ. నర్సరీలో పూత మీదున్న గుత్తిని వదిలి, పూలు రాలిపోయిన కాడలు చూడండి. పచ్చపూసల్లాంటి కాయ ఒక్కటి కనబడినా ఆ మొక్క వద్దు. అది నల్లగా పండాక పిగిలిపిట్టలు తిని, గింజను రెట్టతో శేషాచలం అంచుల్లో వేస్తాయి. కాడలన్నీ వట్టివైతే గింజ పట్టని రకం కావచ్చు. కానీ అలాంటివాటిలో కొన్నిటి పుప్పొడి అడవి మొక్కల్లో గింజ కట్టించగలదు. కొండ పక్కన ఇల్లుంటే అదీ మానుకోవడమే మంచిది.

నేలమీద పాకే ఊదాపూల లాంటానా వేరే జాతి. సన్నకొమ్మలు, చిన్న ఆకులు, ముళ్లుండవు. కాయ అరుదు. గోడమీంచి వేలాడదీయడానికి సరిపోతుంది.

నన్నడిగితే నూరువరహాలు నాటండి. గుత్తిపూల సొగసుకు లోటుండదు, మన దక్షిణాది మొక్క. చిక్కల్లా సున్నం ఎక్కువున్న బోరునీళ్లతోనే: లేతాకుల్లో ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాదంతా పసుపెక్కుతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, వెంటనే, చల్లటి పూట ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. కొత్త చిగురు పచ్చగా వచ్చేదాకా 10-15 రోజులకోసారి.

ఇప్పటికే లాంటానా ఉన్నవాళ్లు పూలు వాడగానే గుత్తులు తుంచేయండి. కత్తిరించిన కొమ్మలు వీధిలో పడేయొద్దు. ఆవులు, మేకలు మేస్తే కాలేయం దెబ్బతిని కామెర్లొస్తాయి, ఎండ తగిలినచోట చర్మం పుండ్లవుతుంది. పీకేయాలంటే నేలపైన నరికి లాభం లేదు, మళ్లీ గుబురుగా చిగురిస్తుంది. చుట్టూ మట్టి తోడి, కాండం వేరుగా మారే చోటుకు కిందుగా తెంచి, మోడును తలకిందులుగా ఎండబెట్టాలి. ఈ పని కాయ పండకముందే చేయాలి.