కిట్‌లోని పూలా, మన చేతి పూలా?

మినియేచర్ పూలకొట్టు కిట్ అంటే బుల్లి పూలకొట్టును ముక్కలుగా ఇచ్చి మనతో కట్టించే పెట్టె. దాన్ని తెరవగానే తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. ఇచ్చినవన్నీ ఇచ్చినట్టే అతికించాలా, లేక మన సొంత కొట్టులా మార్చుకోవాలా? నేను రెండు రకాలుగానూ కట్టి చూశాను. గోడలు, నేల, కప్పు, లైట్లు కిట్ చెప్పినట్టే కట్టడం మేలు. పూలు, బోర్డు మాత్రం మనవే ఉండాలి.

గోడల జోలికి ఎందుకు వెళ్లొద్దంటే, ఆ చెక్క ముక్కలు సాధారణంగా లేజర్‌తో కోసినవి. ఏ ముక్క ఏ గాడిలో దిగాలో ముందే లెక్క కట్టి ఉంటుంది. రంగు వేసుకోవచ్చు కానీ గాడుల్లోకి పోకూడదు, ఆ పొర మందానికే ముక్క బిగిసిపోతుంది. లైటు వైర్లు దాక్కునే చోటు కూడా ఆ గోడల వెనకే ఉంటుంది. గోడ మూసే ముందు లైటు వెలిగించి చూసుకోండి. తర్వాత విప్పడం చాలా కష్టం.

పూల సంగతి వేరు. కిట్‌లలో ఎక్కువగా వచ్చేది ముందే కోసిన కాగితం రేకులు, సన్న తీగ, పూసలు. పని త్వరగా అవుతుంది, మొదటిసారి కట్టేవాళ్లకు ధైర్యమూ వస్తుంది. కానీ అన్ని పూలూ ఒకే కొలత, ఒకే రంగు. నిజం పూలకొట్టులో ఒకే బకెట్‌లో మొగ్గ ఉంటుంది, సగం విచ్చిన పువ్వు ఉంటుంది, తల వాల్చినదీ ఉంటుంది. చూసేవాళ్లకు అది కొట్టు అనిపించేది ఆ తేడాల వల్లే. ఆ ప్రాణం చేత్తో చేసిన పూలకే వస్తుందని నా నమ్మకం.

అయితే దేనితో చేయాలి? ముందు పెట్టె మీద స్కేలు చూడండి. 1:24 అని ఉంటే, అంటే నిజం కొలతలో ఇరవై నాలుగో వంతు అయితే, 8 సెంటీమీటర్ల గులాబీ 3 మిల్లీమీటర్ల పైచిలుకే అవుతుంది. 1:12 అయితే దాదాపు 7 మిల్లీమీటర్లు. ఈ ఒక్క లెక్కతో సగం సందేహాలు తీరిపోతాయి.

1:24కి నేను కాగితానికే ఓటేస్తాను. పల్చటి కాగితానికి రెండు వైపులా వాటర్ కలర్ వేసి ఆరనివ్వాలి. సన్న పట్టీలుగా కోసి సూది మొనకు చుట్టి, కొస మీద చుక్క జిగురు పెడితే గులాబీ తయారు. కొన్ని గట్టిగా చుడితే మొగ్గలు, వదులుగా చుడితే విచ్చిన పూలు. ఇంత చిన్న కొలతలో క్లేతో (బొమ్మలు చేసే మెత్తటి ముద్దతో) రేకులు చేయబోతే వేలిముద్ర పువ్వు కంటే పెద్దగా కనిపిస్తుంది. అదే 1:12లో క్లే గెలుస్తుంది. రేకుకు ఒంపు వస్తుంది, వెలుగు పడితే నీడ కూడా వస్తుంది. గాలికి ఆరే క్లే ఆరాక కొంచెం కుంచించుకుపోతుంది కాబట్టి పువ్వును కాస్త పెద్దగా చేయండి.

ఎండిన నిజం పూలు పెడితే బాగుంటుందని చాలామందికి అనిపిస్తుంది. బొకేల్లో పెట్టే చిన్న తెల్ల పూలు, నాలుగైదు మిల్లీమీటర్ల జిప్సోఫిలా, 1:12లో చక్కగా ఇముడుతుంది, 1:24లో మాత్రం ఒక్కో పువ్వు పళ్లెమంత అయిపోతుంది. పైగా ముట్టుకుంటే రాలుతుంది, ఎండ తగిలితే రంగు పోతుంది. నేనైతే పెట్టను.

జిగురులో పెద్దగా చర్చ లేదు. ఆరాక కనిపించని తెల్ల జిగురు వాడండి. ముక్కను సరిచేసుకునే టైమ్ ఇస్తుంది. సూపర్ గ్లూ లోహానికి, తీగకు పనికొస్తుంది కానీ అద్దం దగ్గరికి రానీయకండి. నా మొదటి కొట్టు కిటికీ దాని ఆవిరికే తెల్లగా మసకబారింది. ఎంత తుడిచినా పోలేదు, చాలా బాధేసింది.

ఇక బోర్డు. కిట్ బోర్డు మీద ఉండేది సాధారణంగా ఇంగ్లిష్ పేరు. తెలుగులో రాసుకుంటే కొట్టు నిజంగా మనదవుతుంది. కానీ సెంటీమీటరు ఎత్తు బోర్డులో గుడులూ వత్తులూ పైకీ కిందికీ చోటు అడుగుతాయి. 'పూలకొట్టు' అని రాస్తే ట వత్తు కోసం మొత్తం అక్షరాలు చిన్నవి చేయాలి. 'పూలవాకిలి'లో ఆ ఇబ్బంది లేదు. కుంచెతో రాయడమా, ప్రింట్ తీయడమా అంటే ఈ కొలతకు ప్రింటే నయం. చేతిరాత కావాలంటే పెద్దగా రాసి, ఫోటో తీసి, చిన్నది చేసి ప్రింట్ తీయండి. నా కొట్టు బోర్డు మీద ఉన్నది అలా కుదించిన మా అమ్మ చేతిరాత.

చివరగా, పూలను బకెట్లకు అతికించకండి. అడుగున చిన్న ఫోమ్ ముక్క పెట్టి తీగలు గుచ్చండి. పసుపు పూలతో విసుగొస్తే ఆ ఒక్క బకెట్ ఖాళీ చేసి కొత్తవి చుట్టుకోవచ్చు.