కరెంటా, జింకు ముక్కా? కాంక్రీటులో కడ్డీకి ఏది మేలు?

పెచ్చులూడిన చోట కొట్టేసి కొత్త కాంక్రీటు పూడుస్తాం. కొన్నాళ్లకు సరిగ్గా ఆ అతుకు అంచునే మళ్లీ పగులుతుంది. మేస్త్రీని తిట్టుకుంటాం గానీ ప్రతిసారీ తప్పు అతనిది కాదు. చుట్టూ పాత కాంక్రీటులో క్లోరైడ్ (లోపలి ఇనుప కడ్డీకి తుప్పు తెచ్చే ఉప్పు) అలాగే ఉంది. ఇదివరకు ఒకచోట తుప్పు పడుతూ, పక్కనున్న కడ్డీని తెలియకుండానే కాపాడేది. దాన్ని బాగుచేశాం కదా, ఇప్పుడు పక్కదాని వంతు.

తుప్పంటే ఇనుము ఎలక్ట్రాన్లు పోగొట్టుకోవడమే. వాటిని బయటినుంచి అందిస్తే ఆగుతుంది. అందించడానికి రెండు దారులు: జింకు ముక్క, కరెంటు.

జింకుతో పని తేలిక. ముక్కని తీగతో కడ్డీకి బిగించి, అతుకులోనే పూడ్చేస్తారు. ఇనుముకు బదులు అది కరుగుతుంది. 1824లోనే హంఫ్రీ డేవీ ఓడల అడుగున రాగి రేకుల్ని ఇలా కాపాడొచ్చని చూపించాడు. కరెంటు అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. కానీ దాని బలం దానిదే, మనం పెంచలేం. కాంక్రీటు బాగా ఎండితే చేతులెత్తేస్తుంది. కరిగిపోయాక మళ్లీ కొట్టి కొత్తది పెట్టాలి.

రెండో దారిలో టైటానియం మెష్‌ను (వలను) కాంక్రీటు మీద పరిచి, రెక్టిఫైయర్ (ఏసీ కరెంటును డీసీగా మార్చే పెట్టె) ప్లస్‌ను దానికి, మైనస్‌ను కడ్డీకి కలుపుతారు. 1973లో కాలిఫోర్నియాలో ఒక వంతెన డెక్ (బళ్లు నడిచే పలక) మీద రిచర్డ్ స్ట్రాట్‌ఫుల్ అనే ఇంజినీరు, ఇలా కరెంటు పంపి కడ్డీని కాపాడొచ్చని చూపించాడు. కరెంటు చాలా తక్కువ: ఇనుము ఉపరితలం చదరపు మీటరుకు మామూలుగా 2 నుంచి 20 మిల్లీఆంపియర్లు. చాలుతోందా అన్నది తేల్చడానికి కరెంటు ఆపి, కడ్డీ వోల్టేజీ చూసే మీటరు పెడతారు. ఆపిన క్షణం చూసిన రీడింగు 24 గంటల్లో కనీసం 100 మిల్లీవోల్టులు సడలితే సరిపోతున్నట్టే. తీగలు తారుమారైతే మాత్రం కొంప మునిగినట్టే, మనమే కరెంటు పెట్టి కడ్డీని కరిగిస్తాం. కడ్డీలన్నీ ఒకదానికొకటి తగులుతున్నాయో లేదో కూడా ముందే చూసుకోవాలి.

నా ఓటు? నాలుగైదు అతుకులకైతే జింకే. ఉప్పునీళ్లలో నిలిచిన స్తంభాలు, నిలువెల్లా క్లోరైడ్ పట్టిన డెక్‌లకు కరెంటే, అదీ ఏటేటా మీటరు పట్టుకొచ్చే మనిషి ఉంటేనే. ఫ్యూజు పోయిన సంగతి ఎవరూ చూడని పెట్టె కన్నా జింకు ముక్క నయం.

ప్రీస్ట్రెస్డ్ తీగలు (ముందే గట్టిగా లాగి బిగించిన ఉక్కు తీగలు) ఉన్న కట్టడంలో మాత్రం కరెంటంటే నాకు జంకే. మోతాదు మించితే హైడ్రోజన్ పుట్టి, ఆ గట్టి ఉక్కు పెళుసుబారి తెగొచ్చు.