అంబ్రెల్లా కంపెనీలో నా హాలిడే పే మొత్తం పోయింది: కొత్త కాంట్రాక్టర్లు జాగ్రత్త

మూడు వేల ఏడు వందల పౌండ్లు. నిన్న మధ్యాహ్నం ఒక్క ఫోన్ కాల్‌లో పోయాయి. అంతా నా కష్టార్జితం.

అంబ్రెల్లా అంటే కాంట్రాక్టర్‌ని తన ఉద్యోగిగా పెట్టుకుని, ఏజెన్సీ ఇచ్చే డబ్బులోంచి పన్నులు కోసి జీతం ఇచ్చే మధ్య కంపెనీ. దాని పేరు రాయడం లేదు. ఏజెన్సీలు ఇచ్చే లిస్టుల్లో ఉండేదే, లండన్‌లో కాంట్రాక్టు చేసే మనవాళ్ళు చాలామంది వినే ఉంటారు.

గబగబా చెప్పేస్తాను. పర్మనెంట్ ఉద్యోగం మానేసి అక్టోబర్‌లో కెనరీ వార్ఫ్‌లో ఒక బ్యాంకులో చేరాను. మొదటి కాంట్రాక్టు. రోజుకి 400, ఇన్‌సైడ్ ఐఆర్35, అంటే పన్ను లెక్కలో మనల్ని ఉద్యోగిలాగే చూస్తారు. 2021 ఏప్రిల్‌లో రూల్స్ మారినప్పటి నుంచి ఇలాంటి చోట్ల చాలావరకు అంబ్రెల్లా కిందకి రమ్మంటారు. ఏజెన్సీ అతను మూడు పేర్లు పంపి శుక్రవారంలోగా తేల్చమన్నాడు. రెండింటికి వారానికి 25 పౌండ్ల మార్జిన్ (అంబ్రెల్లా తీసుకునే ఫీజు), దీనికి 15. వారానికి పది పౌండ్లు మిగులుతాయని దీన్నే పట్టుకున్నాను. కాంట్రాక్టు చదవలేదు. జీతం, కోతలు చూపిస్తూ ఏజెన్సీ పంపిన కీ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్ కూడా పైపైన చూసి మూసేశాను. ఆ తప్పు నాదే, రాత్రంతా అదే తలుచుకుంటూ పడుకోలేదు.

వారానికి 2000 వస్తే అందులో 15 మార్జిన్ పోగా, యజమాని వాటాగా కట్టే ఎంప్లాయర్ నేషనల్ ఇన్సూరెన్స్, అప్రెంటిస్‌షిప్ లెవీ అనే పన్నులు కలిపి ఇంకో 254 పోతాయి. ఇది ఎక్కడికి వెళ్ళినా తప్పదు. మిగిలిన 1731లోంచి 186 హాలిడే పే, అంటే సెలవు రోజులకి ఇచ్చే జీతం అని పక్కన పెట్టేవాళ్ళు. మిగతా 1545 బేసిక్, దాని మీద 12.07 శాతం అన్నమాట. ఏడాదికి 5.6 వారాల సెలవు, దాన్ని పనిచేసే 46.4 వారాల మీద పంచితే వచ్చే లెక్క అది. పేస్లిప్ అడుగున ‘అక్రూడ్’ (జమ అయినది) అని ఆ అంకె వారం వారం పెరుగుతూ కనిపించేది. నా డబ్బే కదా, దాచిపెడుతున్నారులే అనుకున్నాను.

క్రిస్మస్‌కి బ్యాంకు కాంట్రాక్టర్లందరినీ రెండు వారాలు ఇంటికి పంపింది. జీతం లేదు. ఫిబ్రవరిలో గుంటూరులో నాన్నగారికి బైపాస్ అంటే మూడు వారాలు వెళ్ళాను. అప్పుడూ జీతం లేదు, ఇంటద్దె క్రెడిట్ కార్డు మీద కట్టాం. వెళ్ళేముందు అంబ్రెల్లాకి ఫోన్ చేసి మరీ చెప్పాను, మూడు వారాలు ఉండనని. “పర్వాలేదు, టైంషీట్ పెట్టకండి చాలు” అన్నారు. పోర్టల్‌లో ఒక ఫారం నింపితే నా డబ్బు నాకు వస్తుందని ఆ రోజు ఒక్క ముక్క చెప్పలేదు.

నిన్న ఈస్టర్ సెలవులకి ఆ డబ్బు తీసుకుందామని అంబ్రెల్లాకి ఫోన్ చేశాను. “మీ బ్యాలెన్స్ సున్నా” అంది అక్కడి ఆవిడ. పోయిన వారం పేస్లిప్‌లో మూడు వేల ఏడు వందలకి పైనే ఉందన్నాను. “మా లీవ్ ఇయర్, అంటే సెలవులు లెక్కపెట్టే ఏడాది, మార్చి 31తో అయిపోయింది, వాడుకోని హాలిడే పే రద్దవుతుంది, మీరు సంతకం చేసిన కాంట్రాక్టులో ఉంది.” ఐదు వారాలు జీతం లేకుండా ఉన్నాను కదా, అది సెలవు కాదా అని అడిగాను. “అది మీరు పనిచేయని సమయం. సెలవు కావాలంటే రిక్వెస్ట్ పెట్టాలి” అంది. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను ఫోన్ చేసిన సంగతి రికార్డులో ఉందా అంటే, ఉందట! చదివి వినిపించింది కూడా. ఆ తర్వాత అదే గొంతుతో, “ఇంకేమైనా సహాయం కావాలా?” అంది. ఫోన్ పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. రెండు పౌండ్ల తేడా వస్తే మెయిల్ పంపే కంపెనీ, మార్చి నెలంతా ఒక్క రిమైండర్ పంపలేదు.

ఊరుకోను. కంపెనీ మనల్ని సెలవు తీసుకోమని ప్రోత్సహించకుండా, లేకపోతే పోతుందని చెప్పకుండా ఉంటే ఆ సెలవు తర్వాతి ఏడాదికి మారాలని 2024 జనవరి నుంచి రూల్స్‌లో ఉంది. ఇవాళ పొద్దున్నే రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాను. జవాబు రాకపోతే ఉద్యోగ వివాదాలు చూసే అకాస్‌కి వెళ్తాను. దానికి గడువు కొద్ది నెలలే, ఇలా జరిగినవాళ్ళు ఆలస్యం చేయకండి.

కొత్తగా చేరేవాళ్ళు మార్జిన్ ఒక్కటే చూడొద్దు. హాలిడే పే ప్రతి వారం జీతంతోనే ఇస్తారా, పక్కన పెడతారా? పెడితే లీవ్ ఇయర్ ఏ తేదీకి ముగుస్తుంది, మిగిలింది ఏమవుతుంది? సంతకానికి ముందే మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో కాదు. చేతికి 80 శాతం పైన వస్తుందని చెప్పేవాళ్ళ దగ్గరికైతే అసలు వెళ్ళకండి, వాళ్ళు ఎగ్గొట్టిన పన్నుని రేపు పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ మనల్నే అడగొచ్చు.

ఇప్పటికే అంబ్రెల్లాలో ఉన్నవాళ్ళు ఈ రాత్రే పేస్లిప్ తీసి ‘అక్రూడ్’ అన్న మాట ఉందేమో చూడండి. కొన్ని కంపెనీలకి లీవ్ ఇయర్ డిసెంబర్ 31 దాకా ఉంటుంది, వాళ్ళకి ఇంకా టైం ఉంది.