కొలతలు గట్టిగా చదవని టైలరక్క – కుమార్‌పల్లి, హన్మకొండ

హన్మకొండ కుమార్‌పల్లి మార్కెట్ వెనక సందులో, ఇంటి ముందు గదిలోనే మిషన్ పెట్టుకుని కుడుతుంది ఈ అక్క. బోర్డు లేదు, గూగుల్ మ్యాప్‌లో దొరకదు, సందులో ఎవరిని అడిగినా చూపిస్తారు. నాలాగా లావుగా ఉండి, జాకెట్‌కు కొలతలివ్వాలంటేనే టెన్షన్ పడే ఆడవాళ్ల కోసం రాస్తున్నా కాబట్టి కొంచెం వివరంగానే రాస్తా.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది, ఆమె కొలత తీసి గట్టిగా చదవదు. ఇదీ ఒక విషయమేనా అనిపిస్తే మీకు ఆ బాధ తెలియదన్నట్టే. ఇంతకుముందు నేను వెళ్లిన ఒక షాపులో మాస్టర్ టేపు పట్టుకుని "నలభై నాలుగు" అని కేకేస్తే అవతల కుర్రాడు రాసుకునేవాడు, కూర్చున్నవాళ్లంతా తల తిప్పి చూసేవాళ్లు, ఆపైన "మీ సైజుకు ఈ ముక్క సరిపోదమ్మా" అని ఇంకో మాట. ఈ అక్క తనే కొలిచి తనే నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. చీరతో వచ్చే జాకెట్ ముక్క మామూలుగా 80 సెంటీమీటర్లే ఉంటుంది, పెద్ద కొలతకు మోచేతుల దాకా చేతులు పెట్టాలంటే చాలదు, అందులో మన ఒంటి తప్పేముంది? ఆమె చంక దగ్గర కనబడకుండా అతుకు వేస్తుంది, లోపలి పట్టీలకు వేరే బట్ట వాడుతుంది, ఆ మాట కూడా మెల్లగా, మనకొక్కరికే వినబడేట్టు చెప్తుంది.

కుట్టు గురించి. లైనింగ్ బట్టను ముందు నీళ్లలో నానబెట్టి ఆరేసి ఆ తర్వాతే కత్తిరిస్తుంది, అందుకే ఉతికినాక లోపల కుంచించుకుపోయి చంక పట్టెయ్యదు. రెండు పక్కలా లోపల బట్ట బాగా వదిలి, మూడు వరసలు కుట్లు వేస్తుంది, ఒళ్లు వస్తే ఒక వరస విప్పుకోవచ్చు. చెయ్యి లూజు కొలిచేటప్పుడు చెయ్యి కిందికి వదిలి ఒకసారి, మోచెయ్యి మడిచి ఒకసారి చూస్తుంది. లావు చేతుల వాళ్లకు అసలు ఇబ్బంది అక్కడే, నిలబడితే బాగానే ఉంటుంది, బస్సులో రాడ్ పట్టుకుంటే ఊపిరాడదు. బతుకమ్మ ఆడేటప్పుడు వంగి లేచి చప్పట్లు కొట్టాలి కదా, పోయినేడు వేయి స్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల నాడు ఆమె కుట్టిన జాకెట్‌తోనే ఆడిన, ఒక్కసారి కూడా పక్కకు జరిగి కొంగు సర్దుకోలేదు. అది నాకు చాలా పెద్ద సంగతి.

మా చిన్నమ్మను తీసుకెళ్లినప్పుడు జరిగింది కూడా చెప్పాలి. థైరాయిడ్ వచ్చినాక చిన్నమ్మ ఒళ్లు చేసింది. "కొంచెం బిగుతుగనే కుట్టు బిడ్డా, నేను తగ్గుతా కద" అన్నది. అక్క టేపు మెడలో వేసుకుని "చిన్నమ్మా, తగ్గినప్పుడు నేనే లోపలికి పడతా, పైసలు గూడ తీసుకోను. అందాక ఊపిరాడక తిరుగుతవా?" అన్నది. మన బీరువాల్లో తగ్గినాక వేసుకుందామని దాచిన జాకెట్లు ఎన్ని ఉంటాయో ఆలోచించండి. ఇవ్వాళ్టి ఒంటికి ఇవ్వాళ మంచి బట్ట వేసుకోవడానికి ఎవరి పర్మిషన్ కావాలి? షుగర్, బీపీ, థైరాయిడ్ సంగతి డాక్టర్ దగ్గర చూసుకుందాం, తప్పకుండా చూసుకోవాలి కూడా, కానీ అవన్నీ సెట్ అయ్యేదాకా మనల్ని మనం శిక్షించుకోవడం నాకు నచ్చదు.

రెడీమేడ్ షాపులో ఎక్స్ఎల్ పట్టకపోతే ఏడుపొచ్చేవాళ్లకు ఇంకో మాట. మన దేశపు ఒళ్లకు తగిన సొంత సైజు పట్టిక లేకనే చాలా ఏళ్లు గడిచాయి, బ్రాండ్లు అమెరికా, యూరప్ కొలతలను అటూ ఇటూ మార్చి వాడుకున్నాయి. అందుకే నిఫ్ట్ (కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ విద్యాసంస్థ) వాళ్లు ఇండియాసైజ్ అని సర్వే పెట్టి, హైదరాబాద్‌తో కలిపి 6 నగరాల్లో 25 వేల మందిని 3డి స్కానర్లతో కొలిచే పని ఎత్తుకున్నారు. ఒక షాపు ఎక్స్ఎల్ ఇంకో షాపులో ఎల్ అవుతుంటే ఆ అక్షరాన్ని పట్టుకుని మనం కుమిలిపోవడం ఎందుకు?

బాగాలేనివి కూడా ఉన్నాయి. చెప్పిన రోజుకు ఇవ్వదు, పని ఎక్కువైతే ఫోన్ ఎత్తదు. ట్రయల్ గదికి తలుపు లేదు, కర్టెన్ ఒక్కటే, నాకు అది అస్సలు నచ్చలేదు, ఆమెతో అన్నా కూడా. వాళ్ల అత్తమ్మ గడపలో కూర్చుని వచ్చినవాళ్లను "ఏం బిడ్డా, మస్తు లావైనవ్" అంటది, అక్కే వచ్చి ఆపుతుంది. మగ్గం వర్క్ చెయ్యదు. లైనింగ్ జాకెట్‌కు 450 తీసుకుంటుంది, బయటికంటే కొంచెం ఎక్కువే, నేనైతే సంతోషంగా ఇస్తా. మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్లకండి, మూసి ఉంటుంది. సద్దుల బతుకమ్మకు కావాలంటే వినాయక చవితి లోపే బట్ట ఇచ్చెయ్యండి, ఆ తర్వాత తీసుకోదు.