కోనసీమ గట్ల మీద హైబ్రిడ్ సైకిలు, మెడలో కెమెరా: బాగా వాడాక

గోదావరి డెల్టాలో తిరగడానికి సైకిలు కొనేవాళ్లు గేర్లు లెక్కపెట్టడం మానేసి, ఊరి పంక్చర్ షాపులో ఏ ట్యూబు దొరుకుతుందో ముందు కనుక్కోండి. ధవళేశ్వరం దిగితే మిట్ట అన్నదే ఉండదు. రావులపాలెం, చించినాడ వంతెనలే మనకి ఘాట్ రోడ్లు. కాకపోతే ఎండ ముదిరాక సముద్రం గాలి లేస్తుంది. అప్పుడు అంతర్వేది వైపు తొక్కాలంటే తేలిక గేర్లు రెండు మూడు ఉండాల్సిందే. ముందు ఒక పళ్ల చక్రం, వెనక ఏడు, స్టీలు ఫ్రేము, రిమ్మును రెండు పక్కలా నొక్కే వీ-బ్రేకులు ఉన్న హైబ్రిడ్ (తారుకీ మట్టికీ పనికొచ్చే సైకిలు) సరిపోతుంది. సస్పెన్షన్ ఫోర్కుకి (ముందు చక్రం అదురు తగ్గించే స్ప్రింగు ఫోర్కుకి) డబ్బు దండగ. ఉప్పుగాలికీ బురదకీ సీళ్లు పాడై బిగుసుకుపోయాక అది ఉత్త బరువు.

టైరు 700×38. పల్లెలో ఈ సైజు ట్యూబు సాధారణంగా ఉండదు, పాత పెద్ద సైకిలుకి వేసే 28×1½ ఉంటుంది. అవసరానికి అది ఇందులో పడుతుంది. మన రిమ్ము 622 మి.మీ., దానిది 635, ఆ తేడా రబ్బరులో కలిసిపోతుంది. అయితే రిమ్ము రంధ్రం మోటారుసైకిలు వాల్వు పట్టేంత లావుగా ఉండాలి. ప్రెస్టా అనే సన్నటి వాల్వు కోసం చేసిన రంధ్రమైతే పాత వాల్వు దూరదు. షోరూములో ఇది ఎవరూ చెప్పరు, మీరే చూసుకోవాలి.

డెబ్బై కిలోల మనిషికి తారురోడ్డు మీద గాలి 55 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), గట్టెక్కితే 40-45 చాలు. ట్యూబు విప్పినప్పుడు ఒకటే చిల్లు ఉంటే తుమ్మముల్లు. పక్కపక్కన రెండున్నాయంటే గాలి తక్కువై, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగిందన్నమాట.

అసలు పరీక్ష బురద. వాన వెలిసిన రోజు కంటే మర్నాడే ఎక్కువ ప్రమాదం. పల్చటి బురద జారిపోతుంది, సగం ఆరిన ఒండ్రుమట్టి మాత్రం గడ్డిని కలుపుకుని మడ్గార్డు కింద ముద్ద కడుతుంది. చక్రం తిరగడం మానేస్తుంది. టైరుకీ మడ్గార్డుకీ మధ్య చిటికెనవేలు దూరితే చాలదు, బొటనవేలు ఆడాలి. మడ్గార్డు కడ్డీలను పొడుగు స్క్రూలతో ఎత్తి బిగిస్తే ఆ సందు వస్తుంది. వానాకాలంలో ముందు చక్రం మడ్గార్డు తీసేయడం ఇంకా మేలు, బట్టల సంగతి ఇంటికెళ్లాక చూసుకోవచ్చు. వెనక పళ్ల చక్రాల మధ్య మట్టి తియ్యడానికి కొబ్బరి ఈనెను మించిన పనిముట్టు లేదు. బ్రేకు రబ్బర్లలో ఇరుక్కున్న ఇసుకరేణువులు పిన్నీసుతో పీకెయ్యండి, లేకపోతే రిమ్ముకి గాడి పడుతుంది.

సార్వా కోతలప్పుడు రోడ్డు మీది వరిగడ్డి గేరు సెట్టు (చైనుని గేరు మార్చే భాగం) చిన్న చక్రాలకి చుట్టుకుంటుంది. చైను కరకరలాడగానే దిగాలి. ఇంకో నాలుగు తొక్కులు తొక్కితే ఆ సెట్టుని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది. ఆరబోసిన ధాన్యం మీద చక్రం జారుతుంది కూడా, అయినా ఒకరి గింజల మీద నుంచి ఎలా వెళ్తామండీ.

కోటిపల్లి-ముక్తేశ్వరం, నర్సాపురం-సఖినేటిపల్లి రేవుల్లో పంటు (నది దాటించే పడవ) ఎక్కించాక సైకిలుని గేరు సెట్టు ఉండే కుడిపక్కకి ఆనించొద్దు. మోటారుసైకిలు వచ్చి తగిలితే హ్యాంగర్ లోపలికి వంగుతుంది, ఆ తర్వాత పెద్ద పళ్ల చక్రానికి మార్చగానే చైను చువ్వల్లో పడుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా బయల్దేరేముందు ధవళేశ్వరం నీటిమట్టం చూడండి. 11.75 అడుగులు మొదటి వరద హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది. మొదటిది దాటితే పంటునీ లంకల కాజ్‌వేలనీ నమ్ముకోకండి.

ఇసుకలోకి వెళ్లొచ్చిన సాయంత్రమే మంచినీళ్లతో కడిగి, ఆరాక చైనుకి నూనె వెయ్యాలి. మర్నాటికి వాయిదా వేస్తే లింకులు ఎర్రబడతాయి.

కెమెరాని హ్యాండిల్ బ్యాగులో పెట్టొద్దు, గట్టు మీది అదురుకి లెన్సు స్క్రూలు వదులవుతాయి. ఒంటికి అడ్డంగా బిగించుకునే సంచీ మేలు, ఆ అదురుని చేతులూ నడుమూ కాస్తాయి. ఏసీ గదిలోంచి తెల్లారే బయటకి తెస్తే అద్దం చెమరుస్తుంది కాబట్టి అరగంట సంచీ జిప్పు తియ్యకండి. ఇంట్లో సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బా, లోపల తేమ 40-50 శాతం.

కాలువ నీటి తళుకు తగ్గించడానికి పోలరైజర్ (లెన్సు ముందు బిగించే ఫిల్టరు) పనికొస్తుంది, కానీ అంతటా కాదు. గట్టు మీద నిలబడితే మూడు నాలుగు మీటర్ల దూరంలోని నీటి మీద బాగా పనిచేస్తుంది, అవతలి ఒడ్డు దగ్గర అంతగా ఉండదు. సుమారు ఒకటిన్నర స్టాపు వెలుతురు తినేస్తుంది (ఒక స్టాపు అంటే వెలుతురు సగానికి తగ్గడం), కొబ్బరితోట నీడలోకి రాగానే విప్పెయ్యాలి. చేలో తెల్లకొంగలకి ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుతురు) -0.7 పెట్టండి, చుట్టూ ముదురు పచ్చదనం చూసి కెమెరా మీటరు వెలుతురు పెంచేస్తే ఈకల గీతలు పోతాయి. ధనుర్మాసం పొగమంచుకి దీనికి తిరగేసి +0.7.